విరిగిన చోటికే మళ్ళీ పరుగు

మెడ ఎముక విరిగింది. కపాలానికి మరలు బిగించారు. మూడు నెలలు తల తిప్పడానికి వీలు లేకపోయింది. అయినా ఏడాది తిరిగేసరికి ఆ క్రీడాకారుడు అదే ద్వీపానికి, అదే రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు.

2017 అక్టోబరు 11, బుధవారం. పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి ద్వీపంలో కోనా పట్టణం పందెపు సన్నాహాలతో కళకళలాడుతున్నది. మరి మూడు రోజులలో, శనివారం నాడు, ఐరన్‌మాన్ ప్రపంచ పోటీ జరగబోతున్నది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పోటీదారులు రోడ్ల మీద చివరి సాధన చేసుకుంటున్నారు. వారిలో టిమ్ డాన్ అనే ఆంగ్లేయుడు ఒకడు. వయస్సు ముప్పై తొమ్మిది. సముద్రతీరానికి పైగా సాగిపోయే క్వీన్ కాహుమాను రహదారి మీద సైకిలు తొక్కుతున్నాడు. ఈసారి గెలుపు ఎవరిదని జోస్యం చెప్పుతున్న వారి నోట అతని పేరు కూడా తప్పకుండా వినబడుతున్నది.

ఒక ట్రక్కు వచ్చి అతనిని ఢీకొన్నది.

ఆసుపత్రిలో పరీక్షించిన వైద్యులు చెప్పిన మాట క్లుప్తమైనది. మెడలోని రెండవ వెన్నుపూస విరిగింది. శనివారం నాటి పందెం సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు. ఈ మనిషి మళ్ళీ ఎప్పటికైనా పరుగెత్తగలడా అన్నదే అప్పటి ప్రశ్న.

ఉక్కుమనిషి పందెం

ఐరన్‌మాన్ అంటే ఉక్కుమనిషి. సముద్రంలో 3.8 కిలోమీటర్లు ఈదాలి. ఒడ్డుకు చేరి 180 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి. సైకిలు దిగి పూర్తి మారథాన్, అనగా 42.195 కిలోమీటర్లు, పరుగెత్తాలి. ఇదంతా ఒకే రోజున, నడుమ విశ్రాంతి లేకుండా పూర్తి కావాలి.

ఈ పందెం పుట్టింది హవాయి దీవులలోనే. ఈతగాడు గొప్పవాడా, సైకిలు పందెగాడు గొప్పవాడా, పరుగరి గొప్పవాడా అన్న వాదం అక్కడి క్రీడాకారుల మధ్య వచ్చింది. మూడింటినీ కలిపి తేల్చుకుందామని జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి ప్రతిపాదించాడు. 1978 ఫిబ్రవరిలో ఓహూ ద్వీపం మీద పదిహేనుమంది బయలుదేరగా, పన్నెండుమంది చివరిదాకా నిలిచారు. 1981లో పందెం హవాయి ద్వీపానికి, అనగా ఆ దీవులలో అన్నింటికన్న పెద్దదానికి, మారింది. టిమ్ డాన్ పుట్టింది కూడా 1978లోనే, ఆ మొదటి పందేనికి సుమారు ఒక నెల ముందు.

అతడు సామాన్యుడు కాడు. సిడ్నీ, ఏథెన్స్, బీజింగ్ ఒలింపిక్ క్రీడలు మూడింటిలోనూ బ్రిటన్ తరఫున పాల్గొన్నాడు. 2006లో ట్రయాథ్లాన్ ప్రపంచ విజేత అయ్యాడు. ప్రమాదానికి కొద్ది నెలల ముందు, 2017 మే 28న, బ్రెజిల్ దేశపు ఫ్లోరియానోపోలిస్ నగరంలో మూడు అంకాలనూ 7 గంటల 40 నిమిషాల 23 సెకండ్లలో ముగించాడు. ఐరన్‌మాన్ పేరుతో జరిగిన పోటీలలో ఆనాటికి అంత తక్కువ సమయం ఎవరికీ లేదు. ఆ నగరం ఉన్నది కూడా ఒక ద్వీపం మీదనే. మే నెలలో ఒక ద్వీపం అతనిని శిఖరానికెత్తింది. అక్టోబరులో మరొక ద్వీపం నేలకు పడవేసింది.

అంగుళమంత ఎముక, నిండు ప్రాణం

మనిషి మెడలో ఏడు వెన్నుపూసలు ఉంటాయి. అన్నింటికన్న పైది తలను మోస్తుంది. దాని కింద ఉన్న రెండవ పూస ఇరుసు వంటిది. మనం కుడికీ ఎడమకూ తల తిప్పినప్పుడు ఆ కదలికలో దాదాపు సగం ఈ రెండు పూసల మధ్యనే జరుగుతుంది. రెండవ పూస వెనుక భాగం రెండు వైపులా విరిగితే, వైద్యులు దానిని 'ఉరితీతగాడి విరుపు' అని పిలుస్తారు. ఉరికంబం మీద విరిగే ఎముక అదే కావడం ఆ పేరుకు కారణం. ఆ పూస లోపలినుంచే వెన్నుపాము సాగుతుంది. ఎముక ముక్క కాస్త జరిగి వెన్నుపామును నొక్కితే కాళ్ళూ చేతులూ చచ్చుబడవచ్చు. ఊపిరే ఆగిపోవచ్చు. డాన్ విషయంలో వెన్నుపాము దెబ్బ తినలేదు. అదృష్టమనవలసింది ఏదైనా ఉంటే అదే.

మన పక్క కాలో చెయ్యో విరిగినవాళ్ళు పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకుంటారు. విరిగిన భాగాన్ని కదలకుండా బిగిస్తే ఎముక తనంతట తానే అతుక్కుంటుందన్నది ఆ వైద్యంలోనూ ఈ వైద్యంలోనూ ఒకటే సూత్రం. కాని మెడకు కట్టు కట్టడం ఎలా?

డాన్ ముందు మూడు మార్గాలు ఉన్నాయి. గట్టి పట్టీ మెడ చుట్టూ వేసుకోవడం ఒకటి. అది సుఖమైనదే కాని మెడను పూర్తిగా కదలకుండా ఆపలేదు. శస్త్రచికిత్స చేసి ఎముకలను లోహంతో కలిపి బిగించడం రెండవది. ఎముక త్వరగా నిలుస్తుంది, కాని మెడ కదలికలో కొంత భాగం శాశ్వతంగా పోతుంది. ఈతలో ఊపిరి పీల్చడానికి తల పక్కకు తిప్పవలసినవాడికి, సైకిలు మీద వెనుక వచ్చే వాహనాన్ని తిరిగి చూడవలసినవాడికి ఆ నష్టం చిన్నది కాదు. మూడవ మార్గం అన్నింటికన్న బాధాకరమైనది. మెడను పూర్తిగా తిరిగి ఇవ్వగల అవకాశం దానికే ఎక్కువ. డాన్ దానినే ఎంచుకున్నాడు.

దాని పేరు హేలో. దేవుళ్ళ పటాలలో తల వెనుక కనిపించే ప్రభామండలానికి ఇంగ్లీషులో ఆ పేరే ఉన్నది. తల చుట్టూ ఒక లోహపు వలయం. ఆ వలయం నుంచి నాలుగు మరలు చర్మాన్ని చీల్చుకుని కపాలపు ఎముకలోకి దిగుతాయి. రెండు నుదుటి మీద, రెండు వెనుక. వలయం నుంచి నాలుగు కడ్డీలు భుజాల మీదుగా దిగి ఛాతీకి బిగించిన గట్టి కవచానికి కలుస్తాయి. తలా మొండెమూ ఒకే దిమ్మెగా మారిపోతాయి. 1959లో కాలిఫోర్నియాలో వెర్నన్ నికెల్, జాక్వెలిన్ పెర్రీ అనే ఇద్దరు వైద్యులు ఈ సాధనాన్ని రూపొందించారు. పోలియో వల్ల మెడ కండరాలు చచ్చుబడి, తల నిలుపలేని రోగులకు మొదట దీనిని వాడారు. డాక్టర్ పెర్రీ తరువాతి కాలంలో మనిషి నడకను శాస్త్రీయంగా పరిశోధించి ప్రఖ్యాతి పొందింది. మనిషిని కదలకుండా కట్టివేసే యంత్రాన్ని కనిపెట్టడంలో పాలుపంచుకున్న ఆమె, మనిషి ఎలా కదులుతాడో తెలుసుకోవడానికే జీవితం ధారపోసింది.

కదలకుండా ఉండడమే సాధన

కొలరాడో రాష్ట్రంలోని ఇంటికి చేరిన డాన్‌కు మొదటి వారాలు నరకం చూపించాయి. పడుకోవడానికి వీలు లేదు. కుర్చీలో నిటారుగా కూర్చునే రాత్రులు గడపాలి. బాధ తగ్గించే మందులు కడుపులో ఇమడలేదు. మరలు కాస్త వదులైతే మళ్ళీ బిగించాలి. ఆ బిగింపు ఎలా ఉంటుందో ఊహించవలసిందే. స్నానం చేయాలన్నా, చొక్కా తొడగాలన్నా మరొకరి చెయ్యి కావాలి. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. భార్యే అతనికి నర్సు కావలసివచ్చింది.

ఇరవై ఏళ్ళుగా శరీరాన్ని ప్రతిదినమూ అలసట అంచుదాకా తోలుకువెళ్ళడమే వృత్తిగా బ్రతికినవాడు డాన్. బాధ కలిగినప్పుడు ఆగకుండా ముందుకు సాగడమే అతనికి తెలిసిన విద్య. ఇప్పుడు విధి అతని ముందు పెట్టిన పరీక్ష సరిగ్గా తలకిందులు. ఆగి ఉండాలి. ఎముక తన పని తాను చేసుకునేదాకా ఓర్చుకోవాలి. తొందరపడితే అంతా పాడైపోతుంది. గాయపడిన ప్రతి క్రీడాకారుడికీ, ఆ మాటకు వస్తే మంచం పట్టిన ప్రతి రైతుకూ, ప్రతి కూలికీ అనుభవంలోకి వచ్చే కష్టమే ఇది. పని చేయడం కన్న పని చేయకుండా ఉండడమే వారికి కష్టం.

కొన్ని వారాలు గడిచిన పిమ్మట, వైద్యుల అనుమతితో, తల మీద వలయం ఉండగానే వ్యాయామం మొదలుపెట్టాడు. కదలని సైకిలు ఎక్కి నెమ్మదిగా తొక్కాడు. మెట్లు ఎక్కి దిగాడు. చిన్న బరువులు ఎత్తాడు. నిన్నటిదాకా ప్రపంచ రికార్డు చేతిలో ఉన్నవాడు, శిక్షకుడు పక్కన నిలబడి చూస్తూండగా, ఒక మెట్టు ఎక్కడమే ఘనకార్యంగా భావించవలసి వచ్చింది. ఆ రోజులను చిత్రీకరించిన 'ది మ్యాన్ విత్ ది హేలో' అనే లఘుచిత్రం 2018లో వెలువడింది.

2018 జనవరిలో వలయం తొలగించారు. ఎముక అతుక్కున్నది. కాని మూడు నెలలు పని లేక మెడ కండరాలు కరిగిపోయాయి. కపాలం నుంచి మరలు తీసిన చోట నుదుటి మీద రెండు గుంటలు మిగిలాయి. అదే నెలలో అతనికి నలభై ఏళ్ళు నిండాయి. అప్పటికి ముందే అతడు మనస్సులో ఒక లక్ష్యం పెట్టుకున్నాడు. ఏప్రిల్‌లో బాస్టన్ మారథాన్. దానిని 2 గంటల 50 నిమిషాల లోపల పూర్తి చేయాలి.

దిగుడులో ఉన్నది అసలు పరీక్ష

బాస్టన్ మారథాన్ ప్రపంచంలో ఏటేటా జరిగే మారథాన్‌లలో అతి పురాతనమైనది. 1897లో ఆరంభమైంది. దాని దారి చదునైనది కాదు. హాప్కింటన్ అనే చిన్న ఊరిలో, సముద్రమట్టానికి 140 మీటర్లకు పైగా ఎత్తులో మొదలై తీరంలోని నగరానికి దిగుతుంది. దిగుడు గదా, సులభమే అనుకుంటే పొరపాటు. ఎత్తు ఎక్కేటప్పుడు పరీక్ష గుండెకూ ఊపిరికీ. దిగేటప్పుడు పరీక్ష ఎముకలకూ కండరాలకూ. పరుగెత్తే మనిషి పాదం నేలను తాకిన ప్రతిసారీ అతని బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి పైకి వస్తుంది. దిగుడులో ఆ దెబ్బ ఇంకా పెరుగుతుంది. తొడ కండరాలు సాగుతూనే శరీరాన్ని ఆపవలసి వస్తుంది. బండికి బ్రేకు వేసినట్లు, ప్రతి అడుగులోనూ అవి అరుగుతాయి. కొండ దిగిన మరునాడు మెట్లు దిగలేక గోడ పట్టుకునేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ దిగుడు అయిన తరువాత, అలసిన కాళ్ళతో న్యూటన్ మిట్టలు ఎక్కాలి. వాటిలో చివరిదానికి 'గుండె పగిలే మిట్ట' అని పేరు. ముప్పై కిలోమీటర్లు దాటిన తరువాత అది ఎదురవుతుంది.

2018 ఏప్రిల్ 16. ప్రమాదం జరిగి ఆరు నెలల అయిదు రోజులు. ఆనాడు బాస్టన్‌లో వాతావరణం పగబట్టినట్లున్నది. గడ్డకట్టడానికి నాలుగైదు డిగ్రీలు మాత్రమే ఎక్కువైన చలి. కుండపోత వాన. ముఖాన కొట్టే ఎదురుగాలి. పేరుమోసిన పరుగరులు అనేకులు వణుకుతూ మధ్యలోనే విరమించారు. పురుషుల పందెంలో మొదట వచ్చినవాడు ఒక జపాను ప్రభుత్వ ఉద్యోగి. యూకీ కవౌచీ అనే అతడు ఆఫీసు పని చూసుకుంటూనే పరుగు సాధన చేసేవాడు. స్త్రీలలో అమెరికాకు చెందిన డెజిరే లిండెన్ గెలిచింది.

వారికి ఎంతో వెనుక, వేలాదిమందిలో ఒకడుగా, డాన్ పరుగెత్తాడు. అతని మెడ ఇంకా పూర్వపు మెడ కాలేదు. కొన్ని వారాల సాధనతోనే వచ్చాడు. దిగుళ్ళు దిగాడు. మిట్టలు ఎక్కాడు. ముగింపు గీత దాటేసరికి గడియారం 2 గంటల 49 నిమిషాల 42 సెకండ్లు చూపింది. పెట్టుకున్న గడువులో ఇంకా పద్దెనిమిది సెకండ్లు మిగిలి ఉన్నాయి.

రెండు నెలలు తిరిగేసరికి, జూన్‌లో, కోస్టారికాలో జరిగిన సగం దూరపు ఐరన్‌మాన్ పోటీలో అతడు మొదటివాడుగా వచ్చాడు. కథ ఇక్కడ ముగించవచ్చు. వీరగాథలు సాధారణంగా ఇటువంటి చోటే ముగుస్తాయి. కాని డాన్ లెక్క ఇంకా తీరలేదు. అతడు పడిన రోడ్డు హవాయిలో ఉన్నది.

నల్లరాతి మీద

కోనా తీరం మనం పటాలలో చూసే హవాయి కాదు. కొబ్బరిచెట్లూ పూలదండలూ సముద్రపు ఒడ్డునే ఆగిపోతాయి. ఊరు దాటి పైకి ఎక్కితే కనుచూపు మేర నల్లటి లావా. హువలాలాయి అగ్నిపర్వతం 1801లో కక్కిన రాయి కొంతమేర ఇప్పటికీ గడ్డి కూడా సరిగా మొలవకుండా పడి ఉన్నది. ఎండ పైనుంచి కొడుతుంది. నల్లరాయి కిందినుంచి ఆవిరి చిమ్ముతుంది. ఆ రాతి మధ్యగా, నీడ లేకుండా, మిట్టలూ పల్లాలుగా సాగిపోయేదే క్వీన్ కాహుమాను రహదారి. హవాయి దీవులను ఏకం చేసిన కమేహమేహ మహారాజు రాణి పేరు దానికి పెట్టారు. పందెంలో సైకిలు పరుగూ, మారథాన్‌లో పెద్ద భాగమూ దాని మీదనే సాగుతాయి.

2018 అక్టోబరు 13 తెల్లవారుజామున డాన్ కైలువా రేవులో నీళ్ళలోకి దిగాడు. తల కుడికీ ఎడమకూ తిప్పుతూ ఊపిరి పీల్చాడు. శస్త్రచికిత్స కాదని మూడు నెలల బాధను ఎందుకు ఎంచుకున్నాడో ఆ ప్రతి ఊపిరీ చెప్పగలదు. ఒడ్డుకు చేరి సైకిలెక్కాడు. ఏడాది క్రితం ట్రక్కు ఢీకొన్న అదే రహదారి మీద 180 కిలోమీటర్ల యాత్రకు బయలుదేరాడు.

ఆ తరువాత మారథాన్. ఆనాడు ఆ పరుగు మొదట సముద్రపు ఒడ్డున, జనం కేరింతల మధ్య సాగింది. సుమారు పదహారు కిలోమీటర్ల దగ్గర దారి ఒక్కసారిగా నిటారుగా లేచింది. ఆ మిట్ట పేరు పలానీ. వింటే మనకు పళని కొండ గుర్తు రావచ్చు. పేరు హవాయి భాషదే అయినా, ఎక్కేవారి మొక్కులు మాత్రం ఇంచుమించు అటువంటివే. తిరుమల కాలినడక దారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కినవారికి ఆ మనఃస్థితి పరిచితమే. ఎందరో గొప్పవారు అక్కడ పరుగు మాని నడకలోకి దిగారు. పైకి ఎక్కితే జనం ఉండరు. రహదారి, రాయి, ఎండ, అంతే. ఇంకా ముందుకు పోగా దారి సముద్రం వైపు దిగి, అక్కడి శాస్త్ర పరిశోధనశాల ప్రాంగణాన్ని చుట్టి, దిగినదంతా మళ్ళీ ఎక్కమంటుంది. అప్పటికి ముప్పై కిలోమీటర్లు కావస్తూంటుంది. చివరికి పలానీ మిట్టనే దిగాలి. ఎక్కేటప్పుడు ఊపిరిని అడిగిన మిట్ట, దిగేటప్పుడు ఎముకలను అడుగుతుంది.

ఆనాడు గాలి మెత్తగా ఉన్నది. పందెగాళ్ళు రికార్డులు బద్దలు కొట్టారు. జర్మనీకి చెందిన పాట్రిక్ లాంగె 7 గంటల 52 నిమిషాల 39 సెకండ్లలో గెలిచి, కోనాలో ఎనిమిది గంటల లోపున ముగించిన మొదటివాడయ్యాడు. పత్రికల పతాకశీర్షికలు అతనివి. డాన్ ముగింపు గీత చేరేసరికి 8 గంటల 45 నిమిషాలు గడిచాయి. అతనికి ముందు ముప్పైమందికి పైగా వచ్చి, నీళ్ళు తాగి, కూర్చుని ఉన్నారు.

తిరిగి రావడమంటే ఏమిటి?

అంకెలు మాత్రమే చూసేవారికి ఇది ఓటమి. బ్రెజిల్ దారీ కోనా దారీ ఒకటి కావు గనుక వాటిని పోల్చరాదని అనుకున్నా, 2017 మే నాటి డాన్ 2018 అక్టోబరులో తిరిగి రాలేదన్నది నిజమే. గాయం నుంచి కోలుకున్న మనిషి తనను తాను పోల్చుకునేది ఎదుటివారితో కాదు, గాయానికి ముందరి తనతోనే. ఆ పోలికలో చాలామంది ఓడిపోతారు. పాత వేగం వెంటనే రావాలని తొందరపడి మళ్ళీ గాయపడేవారు కొందరు. అది ఇక రాదని తెలిసి బూట్లు అటక మీద పెట్టేవారు మరికొందరు.

డాన్ మెట్లు కట్టుకుంటూ వచ్చాడు. కుర్చీలో ఒక రాత్రి గడవాలి. కదలని సైకిలు మీద కొన్ని నిమిషాలు తొక్కాలి. ఒక మెట్టు, ఒక మిట్ట, ఒక మారథాన్. ప్రతి మెట్టుకూ దానికి తగిన గెలుపు ఉన్నది. బాస్టన్‌లో అతని గెలుపు పద్దెనిమిది సెకండ్లు. కోనాలో అతని గెలుపుకు అంకె లేదు. పడిన రోడ్డు మీద మళ్ళీ సైకిలు తొక్కి, ఆ రోడ్డు మీదనే మళ్ళీ పరుగెత్తి, తన కాళ్ళ మీద తాను ఊరిలోకి దిగివచ్చాడు.

ఆ పందెంలో ఒక సంప్రదాయం ఉన్నది. విజేత ముగించి గంటలు గడిచినా జనం ఇళ్ళకు పోరు. అర్ధరాత్రి సమీపిస్తూండగా, పదిహేడు గంటల గడువు తీరబోతూండగా, తూలుతూ కుంటుతూ వచ్చే చివరివారి కోసం కాచుకుని కూర్చుంటారు. వారి పేర్లు మరునాటి పత్రికలలో ఉండవు. అయినా చప్పట్లు విజేతకు పడినంత గట్టిగానే పడతాయి. దూరం అందరికీ ఒకటేనని ఆ జనానికి తెలుసు.

మనిషి తలరాత నుదుటి మీద ఉంటుందని మన పెద్దలు అంటారు. టిమ్ డాన్ నుదుటి మీద కనిపించేవి మరలు దిగిన రెండు మచ్చలు. అవి వ్రాసింది ఒక ప్రమాదం. ఆ మచ్చలతోనే అతడు మారథాన్‌లు పరుగెత్తాడు, పలానీ మిట్ట ఎక్కాడు, దిగాడు.